పాత మోటారు లాంచీ బేరము



గోదావరి యొడ్డునను లంకలలోను కాపురముండు గ్రామములలో ఒక ప్రశ్న అప్పుడప్పుడు రచ్చబండ యొద్దకు వచ్చుచుండును. "ఫలానా రేవులో ఒక పాత లాంచీ అమ్మకమునకున్నదట. క్రొత్తది కట్టించుట మన తరము కాదు. నలుగురము కలిసి దీనిని కొందమా?" అని. అడుగువారు ఒకప్పుడు కొబ్బరికాయలను, అరటిగెలలను ఏరు దాటించుకొనవలసిన రైతులై యుందురు. ఒకప్పుడు పాపికొండలకు యాత్రికులను త్రిప్పి జీవనము చేయదలచిన యువకులై యుందురు. ఎవరడిగినను సొమ్ము ఊరిది, ఎక్కువారు ఊరివారు. కనుక చివరిమాట పెద్దలైన మీయొద్దకే వచ్చును. ఆ మాట చెప్పుటకు ముందు ఏమేమి చూడవలెనో, ఎవరిచేత చూపింపవలెనో ఈ సాయంకాలము ముచ్చటింపదలచితిని.

మొట్టమొదట అడుగవలసినది ధర కాదు. ఇది యేల అమ్మకమునకు వచ్చినదని యడుగవలెను. లాంచీలకు పని తప్పిపోవుటకు మన ప్రాంతమున ప్రసిద్ధమైన కారణము వంతెన. 1974లో రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ రోడ్డు రైలు వంతెన తెరచువరకు ఆ రేవులలో లాంచీలకు తీరిక యుండెడిది కాదు. 2002లో యానాము ఎదుర్లంకల నడుమ గౌతమిపై వంతెన వచ్చినది. ఇట్లు వంతెన లేచినచోట నిన్నటివరకు నిండుగా నడచిన పడవ నేడు అంగడి సరకగును. అది అమ్ముటకు ధర్మమైన కారణమే. ఐనను ఇందులో ఒక మెలిక యున్నది. దినదినము నడుచు లాంచీకంటె రెండు మూడేండ్లు రేవున కట్టివేయబడిన లాంచీ ఎక్కువ చెడును. ఇంజను లోపల తుప్పు పట్టును, వాననీరు మూలలయందు నిలిచి కర్రను కుళ్లబెట్టును, రబ్బరు గొట్టములు పెళుసెక్కును. "ఎక్కువ వాడలేదండీ, ఊరకే యున్నది" అని అమ్మువాడు చెప్పినచో దానిని గుణముగా నెంచక, ఎంతకాలము ఊరకే యున్నదని యడుగుడు.

మరియొక కారణము, అమ్మువాడు చెప్పనిది, సర్వే చేయు అధికారి దానిని నడుపుటకు అనుమతి నిరాకరించి యుండుట. ఓడ యెక్కువరకు ఓడ మల్లయ్య, ఓడ దిగిన పిమ్మట బోడి మల్లయ్య యను సామెత ఓడ నెక్కువారిని గూర్చి పుట్టినదే గాని, ఓడ నమ్మువారికిని చక్కగా నప్పును. బయానా చేత పడువరకే వారి మర్యాద. కనుక పొరుగు రేవులలోని సరంగులను, కళాసీలను విచారింపుడు. ఏ లాంచీ ఏ వరదలో ఏ రాతికి తగిలినదో వారికి తెలియని సంగతి యుండదు.

ఇక లాంచీని చూచుట. కొనబోవువారు రేవునకు పోయి, గట్టుపై నిలిచి, మెరయుచున్న రంగును, కుర్చీలను, పైకప్పును చూచి మురియుదురు. పెండ్లిచూపులనాటి అలంకారమును బట్టి సంసారము నెంచుట యెట్టిదో ఇదియు నట్టిదే. లాంచీ యొక్క ఆయువంతయు నీటిలో మునిగి యుండు భాగములో నున్నది. దానిని గట్టున కెక్కించి చూడనిదే బేరమాడరాదు. గట్టున కెక్కించుటకు ఖర్చగును. ఆ ఖర్చు కొనువాడే పెట్టుకొనుట న్యాయము. ఖర్చు మీదేయనినను "నీళ్లలోనే చూచుకొనుడు" అని అమ్మువాడు పట్టుపట్టినచో, అంతటితో నమస్కారము చేసి వెనుకకు మరలుడు. వేసవిలో డెల్టా కాలువలు కట్టివేయు దినములలో కాలువలోనున్న పడవ తానై అడుగు తాకి నిలుచును గనుక ఆ కాలము పరీక్షకు అనుకూలమైనది.

కర్రతో కట్టిన పడవయైనచో, చేత నొక సన్నని ఆరె గాని, మొనగల కత్తి గాని, ఒక కొయ్యసుత్తి గాని యుంచుకొనవలెను. మంచి టేకుపలకను సుత్తితో తట్టినచో ఖంగుమని పలుకును. కుళ్లిన పలక మట్టిగోడవలె మూగగా పలుకును. ఆరె మొన మంచి కర్రలో దిగక ఆగిపోవును. చెడిన కర్రలో వెన్నలోవలె దిగును. పలకల మధ్య సందులలో ప్రత్తి కూరి గుగ్గిలము పట్టించు కలాపత్తు పని ఎప్పుడు జరిగినదో యడుగుడు. మేకుల చుట్టు నల్లని మచ్చలున్నచో ఇనుము తుప్పై కర్రను తినుచున్నదని అర్థము. అట్టి పడవకు పలకలు బాగుగనే యున్నను వానిని పట్టియుంచునది లేదు.

కర్ర యెక్కడ కుళ్లునో తెలిసినవారికి సగము శ్రమ తగ్గును. నిత్యము నీటిలో మునిగియుండు కర్రకంటె, తడియుచు ఆరుచు నుండు కర్ర త్వరగా చెడును. నీటిగీత యొద్ద, పైకప్పు కారుచోట, ఇంజను కూర్చుండు దూలముల క్రింద, గాలి చొరని మూలలయందు వెదకుడు. ఉప్పునీటికంటె వాననీరే కర్రకు పెద్ద శత్రువు. అట్లని ఉప్పునీరు మేలనుకొనరాదు. సముద్రపు పోటు వచ్చు పాయలలో తిరిగిన పడవను తొలుచు పురుగు పట్టును. అది పైన సూదిమొనయంత రంధ్రము చేసి లోపల వ్రేలియంత సొరంగము త్రవ్వును. పైకి పలక నున్నగా నుండును, లోపల జల్లెడ. మంచినీటిలో కొన్ని వారములుంచిన నా పురుగు చచ్చునన్న మాట నిజమే. కాని అది తిన్న కర్ర తిరిగి రాదు.

ఇనుపరేకు లాంచీకి వేరు లక్షణములు. రేకు పైనుండి కాక లోపలనుండి ఎక్కువగా చెడును. ఇంజను క్రింద నూనెయు నీరును కలిసి నిలుచుచోట, ఊడ్చుటకు చేయి పట్టనిచోట తుప్పు గూడు కట్టును. అక్కడ సిమెంటు పోసియున్నచో జాగ్రత్తపడుడు. కొందరు బరువు కొరకు, కొందరు శుభ్రత కొరకు పోయుదురు. మరికొందరు రంధ్రములను మూయుటకు పోయుదురు. క్రింద నేమున్నదో పగులగొట్టి చూడనిదే తెలియదు. రేకు మందమును శబ్దతరంగములతో కొలుచు చిన్న పరికరము సర్వేయరు లుపయోగింతురు. కట్టినప్పుడు 6 మిల్లీమీటర్లున్న రేకు ఇప్పుడు నాలుగున్నరకు దిగినచో, అనగా నాల్గవవంతు తరిగినచో, ఆ రేకును మార్చవలసినదిగా ఎంచుట సామాన్యమైన ఆచారము. పాతరేకు మీద క్రొత్తరేకు అతికించియున్నచో దానిని మరమ్మతుగా లెక్కింపకుడు. రెంటి నడుమ చెమ్మ చేరి చాటున తినుచునే యుండును. అతుకుమీద అతుకు వేసిన పంచెను మనము కొనము గదా!

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వత్తును. ఇంజను చెడినచో లాంచీ ఆగును. అడుగు కారినచో నీరు తోడవచ్చును. లాంచీ తలక్రిందైనచో చేయగలుగునది లేదు. పాత లాంచీలను యాత్రికులకొరకు మార్చునప్పుడు ఒక అంతస్తుగా నున్నదానిపై రెండవ అంతస్తును లేపుట కలదు. పైన కుర్చీలు, పందిరి, నీళ్లతొట్టి, పాటలపెట్టెలు, చూచువారు. చూపునకు అందముగా నుండును. గడ్డిబండిని తలంచుకొనుడు. అంతే బరువుగల ఇటుకబండి గట్టువాలుపై నిబ్బరముగా పోవును. గడ్డిబండి అదేచోట బోల్తాపడును. బరువు ఒకటే, అది యున్న ఎత్తు వేరు. నీటిమీద నేలవలె గట్టి ఆధారము లేదు గనుక ఈ భేదము అక్కడ ఇంకను కఠినమగును. ఏదేని వింత కనబడినప్పుడు పైయంతస్తులోని జనమంతయు ఒక తట్టునకు పరుగెత్తుదురు. అదే క్షణమున సరంగు చుక్కానిని గట్టిగా త్రిప్పినచో ఏమగునో ఊహింపుడు.

దీనికి తోడు అడుగున నిలిచిన నీరు. తాంబాళములో రెండు చెంబుల నీరు పోసి యెత్తి నడచి చూడుడు. ఏ తట్టు కొంచెము వంగినను నీరంతయు ఆ తట్టునకే పరుగెత్తి దానిని మరింత వంచును. లాంచీ అడుగున నీరు కూడ ఇట్లే చేయును. అడుగు పొడిగా నుంచుట శుభ్రత కొరకే కాదు, ప్రాణముల కొరకు.

మీరే చేయదగిన పరీక్ష యొకటి కలదు. నిలిచిన నీటిలో లాంచీని వదులుగా కట్టి, నలుగురు మనుష్యులు ఒక తట్టున నొక్కి వదలుచు దానిని ఊగనిండు. తరువాత చేయి తీసివేసి, ఒక తట్టునుండి రెండవ తట్టునకు పోయి తిరిగి వచ్చుటకు ఎన్ని సెకండ్లు పట్టునో గడియారముతో పలుమారులు లెక్కించి సగటు చూడుడు. త్వరత్వరగా ఊగి నిలుచు పడవ గట్టిది. సోమరిగా వంగి, అక్కడనే కొంత ఆలోచించి, మెల్లగా తిరిగి వచ్చునది అనుమానింపదగినది. చిన్న నౌకలకు అనుభవజ్ఞులు చెప్పు మోటు లెక్క యేమనగా, లాంచీ వెడల్పు ఎన్ని మీటర్లో, ఊగుటకు పట్టు సెకండ్లు అంతకు తక్కువగా నుండవలెను. 4 మీటర్ల వెడల్పుగల లాంచీ ఊగుటకు 5 సెకండ్లు పట్టినచో సర్వేయరు లిఖితపూర్వకముగా సరియని చెప్పువరకు దానిలో పిల్లల నెక్కింపరాదు. ఈ పరీక్షలో నెగ్గినంతమాత్రమున పడవ క్షేమమని కాదు. ఇది జ్వరమును చేతితో చూచుట వంటిది. వైద్యుని పని వైద్యుడే చేయవలెను.

2017 నవంబరు 12వ తేదీన కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము యొద్ద యాత్రికుల పడవ తిరుగబడినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన వరద గోదావరిలో దేవీపట్నము మండలపు కచ్చులూరు యొద్ద లాంచీ మునిగి పదులకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఆ లాంచీని వెలికి తీయుటకు నెల దాటినది. ఆ ప్రమాదముల కారణములను విచారించుట నా పని కాదు. మీరు కొనబోవు లాంచీ కూడ ఆ నదులలోనే, ఆ సుడులలోనే నడువవలెనని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాను.

ఇంజనును గూర్చి జనులు ఎక్కువగా భయపడుదురు. నా దృష్టిలో అది తరువాతి సంగతి. ఇంజనును విప్పవచ్చును, బాగుచేయవచ్చును, మార్చవచ్చును. అడుగు చెడిన లాంచీకి క్రొత్త ఇంజను పెట్టుట పీనుగునకు పట్టుచీర కట్టుట. ఐనను కొన్ని గురుతులు చెప్పెదను. ఇంజను చల్లగా నున్నప్పుడే వెళ్లుడు. ముందు చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు మీకంటె ముందుగా దానిని మేలుకొలిపి యున్నాడు. చల్లని ఇంజను ఎంతసేపటికి అందుకొనునో అదియే నిజము. పొగ నల్లగా వచ్చినచో డీజిలు సరిగా కాలుటలేదు, లేదా బరువు మించినది. నీలిపొగ కందెననూనె కాలుచున్నదని చెప్పును. తెల్లపొగ మొదట కొంచెము వచ్చి ఆగిపోయిన దోషము లేదు. ఆగనిచో నీరు లోపలికి పోవుచుండవచ్చును. నూనెకొలత పుల్లను తీసి చూడుడు. నూనె నల్లగా నుండుట సహజము. మజ్జిగవలె తెల్లబడియున్నచో నీరు కలిసినది. అట్టి ఇంజనునకు ధరలో విలువ కట్టకుడు.

మన లాంచీలలో లారీ ఇంజనులను అమర్చుట కలదు. విడిభాగములు ప్రతి పట్టణమున దొరకును గనుక అది తెలివైన పనియే. కాని లారీ దిగుడులో సేదదీర్చుకొనును. లాంచీ ఇంజను గంటలకొలది ఒకే బరువు లాగును. రేవున నిలిపి పది నిమిషములు తిప్పి చూపుట పరీక్ష కాదు. ప్రవాహమున కెదురుగా రెండు గంటలు నడిపింపుడు. చల్లార్చు నీరు ఆగక వచ్చుచున్నదా, వేడి పెరుగుచున్నదా చూడుడు. వరదనీటిలోని ఇసుక నీటిపంపును అరగదీయును. తరువాత నిండు వేగములో నున్నప్పుడు వెనుకకు నడుపు గేరు వేయించి, ఎంత దూరములో నిలుచునో చూడుడు. నిలుచుట రాని లాంచీ రేవునకు గాని స్నానఘట్టమునకు గాని మిత్రము కాదు. పంకాను త్రిప్పు ఇరుసు పడవనుండి నీటిలోనికి పోవుచోట చుక్కచుక్కగా నీరు వచ్చినచో బెదరకుడు. చాల పాత లాంచీలలో నూనెత్రాడు చుట్టిన బిరడా యుండును. తిరుగునప్పుడు కొన్ని చుక్కలు రాలుట దానికి ఆరోగ్యము. చుక్క రాకుండ బిగించినచో ఇరుసు కాలి అరిగిపోవును. ధారగా వచ్చినచో మాత్రము అడుగుడు.

కాగితములు. 1917నాటి చట్టము స్థానమున 2021లో పార్లమెంటు అంతర్దేశీయ నౌకలకు క్రొత్త చట్టము చేసినది. యంత్రముతో నడుచు లాంచీకి రిజిస్ట్రేషను ఉండవలెను, సర్వే పత్రము ఉండవలెను, నడుపువారికి యోగ్యతాపత్రములుండవలెను, భీమా యుండవలెను. యజమాని మారినప్పుడు రిజిస్ట్రేషనులో ఆ మార్పు నమోదు కావలెను. రిజిస్ట్రేషను పత్రములోని కొలతలను, ఇంజను సంఖ్యను లాంచీతో సరిపోల్చి చూడుడు. పత్రములో ఒకే అంతస్తు, కంటికి రెండు కనబడినచో ఇందాక చెప్పిన ప్రమాదమే యని తెలిసికొనుడు. పత్రములో ఎందరి నెక్కింపవచ్చునని యున్నదో దానినిబట్టియే మీ రాబడి లెక్క సాగవలెను గాని, పండుగనాడు ఎందరు పట్టుదురో దానినిబట్టి కాదు. బ్యాంకు అప్పు, రేవు బాకీ, కోర్టు తగాదా లేవని అమ్మువానిచేత వ్రాయించుకొనుట మరువరాదు.

ఇప్పుడు సొమ్ము. అమ్మువాడు 6 లక్షల రూపాయలు చెప్పెననుకొందము. ఆరు లక్షలు కూడబెట్టిన ఊరు ఆరు లక్షల లాంచీని కొనరాదు. నాలుగు లక్షల లాంచీని కొని తక్కిన రెండు లక్షలు మొదటి యేటి మరమ్మతులకు చేత నుంచుకొనవలెను. మొదటి యేడు పాత లాంచీ తన రోగములన్నిటిని ఒక్కొక్కటిగా చెప్పుకొనును. తరువాత ఏటేట గట్టున కెక్కించుట, తుప్పు గీకుట, రంగు, భీమా, సర్వే రుసుము, సరంగు జీతము, కళాసీ జీతము లాంచీ నడచినను నడువకున్నను వచ్చుచునే యుండును. ప్రవాహము ఉధృతమై అధికారులు పడవలు నిలిపివేయు వరద దినములలో రాబడి సున్న. ఏటికి ఎన్ని దినములు నిజముగా నడుచునో ముందు లెక్కింపుడు.

డీజిలు లెక్క కష్టము కాదు. ఇంజను చూపు ప్రతి గుర్రపుశక్తికి గంటకు సుమారు లీటరులో ఐదవవంతు పట్టును. 40 గుర్రపుశక్తులు పూర్తిగా వాడినచో గంటకు 8 లీటర్లు. దినమునకు ఆరు గంటలు నడచినచో 48 లీటర్లు. మీ ఊరి బంకు ధరతో హెచ్చవేసికొనుడు. ఇచ్చట సరంగులకు నేర్పదగిన రహస్యమొకటి యున్నది. నీటిని చీల్చుకొనిపోవు బరువైన లాంచీకి వేగము కొంచెము పెంచిన శక్తి చాల పెరుగును. నిలిచిన నీటిలో గంటకు 10 కిలోమీటర్లు పోవుదానిని 8కి తగ్గించినచో కావలసిన శక్తి సగమునకు దిగును. ప్రయాణము నాల్గవవంతు ఆలస్యమైనను, మొత్తము డీజిలులో మూడవవంతు మిగులును. ఎదురు ప్రవాహములో ఈ లెక్క మారును, అచ్చట మరీ నెమ్మది చేసిన లాంచీ ఉన్నచోటనే యుండును.

నలుగురు కలిసి కొనునప్పుడు తగవు కొనుటలో రాదు, మరమ్మతు దినమున వచ్చును. "నా వంతు నేనిచ్చితిని గదా" అని ఒక్కొక్కరు తప్పుకొందురు. కనుక ప్రతి ప్రయాణపు రాబడినుండి ఇంత యని మరమ్మతు నిధికి తీసిన తరువాతనే పంపకము చేయునట్లు మొదటనే వ్రాసికొనవలెను. లెక్క చూచువాడు ఒకడు, లాంచీ నడుపువాడు మరియొకడు కావలెను.

నా మట్టుకు నేను, రంగు వెలిసి కుర్చీలు చిరిగియున్నను, అడుగు పొడిగా నుండి, ఎప్పుడు ఏమి మార్చితిమో వ్రాసిన చిన్న పుస్తకమును యజమాని చూపగల లాంచీని మెచ్చుకొందును. అట్టిది దొరికినచో వెనుదీయ నక్కరలేదు. బయానా కాగితములో ఇట్లు వ్రాయింపుడు: కొనువారి ఖర్చుతో లాంచీని గట్టున కెక్కించి, కొనువారు తెచ్చుకొన్న సర్వేయరుచేత చూపింపవలెను, అమ్మువాని సర్వేయరు చాలదు. సర్వేయరు కాదన్నచో బయానా పూర్తిగా తిరిగి ఈయవలెను. చిన్న లోపములు చూపినచో వాని మరమ్మతు ఖర్చు ధరలో తగ్గవలెను. మిగిలిన సొమ్ము రిజిస్ట్రేషను మీ పేర మారిన దినముననే చెల్లింపబడును. ఎక్కువారందరికి సరిపడు ప్రాణరక్షక కవచములు, వానిలో పిల్లల కొలతవి వేరుగా, లాంచీతోబాటు వచ్చుచున్నవో లేక మీరే కొనవలసియున్నదో అదే కాగితములో చేర్పింపుడు.